కమాను గీసే ముందు వృత్తం గీయండి: వెక్టర్ సాఫ్ట్‌వేర్‌లో కట్టడాల బొమ్మలు

ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు, ఇంటీరియర్ ఆఫీసుల్లో డ్రాయింగులు చేసేవాళ్లు, ఆదివారం పూట స్కెచ్‌బుక్ పట్టుకుని పాతబస్తీ తిరిగేవాళ్లు అందరూ ఏదో ఒక రోజు ఇల్లస్ట్రేటర్, కోరల్‌డ్రా, ఇంక్‌స్కేప్ లాంటి వెక్టర్ సాఫ్ట్‌వేర్ ఒకటి తెరుస్తారు. తెరిచాక ఎక్కువమంది చేసే పని ఒకటే. చార్మినార్ ఫొటో లోపలికి లాగుతారు, దాని మీద పెన్ టూల్‌తో అంచుల వెంబడి గీసుకుంటూ పోతారు. బొమ్మ వస్తుంది కానీ ఏదో తేడా కొడుతూ ఉంటుంది. పైన వరసగా ఉండే చిన్న కమాన్లు ఒక్కోటి ఒక్కో వంపులో ఉంటాయి, మినార్లు కాస్త లోపలికి వాలతాయి, గీతలన్నీ ఒకే మందంలో ఉండటం వల్ల కట్టడం మొత్తం కాగితానికి అతుక్కుపోయినట్టు కనిపిస్తుంది. దాంతో తమ చేయి ఇంకా తిరగలేదేమో అనుకుని ట్యుటోరియల్స్ వెతుక్కుంటారు.

సమస్య చేతిలో లేదు, గీసిన వరసలో ఉంది. వెక్టర్ ఫైలు లోపల చుక్కలతో నిండిన బొమ్మ ఉండదు. ఫలానా బిందువు నుంచి ఫలానా బిందువుకి ఇంత వంపుతో, ఇంత మందంతో గీత గీయి, ఈ ఆకారాన్ని ఈ రంగుతో నింపు అనే ఆదేశాలు ఉంటాయి, అంతే. కట్టడం కూడా అలాగే పుట్టింది. మేస్త్రీ ముందు తాడు కట్టి మధ్యగీత వేశాడు, మేకు కొట్టి తాడు తిప్పి కమాను వంపు తీశాడు, ఒక కొలత తీసుకుని పదిసార్లు పక్కపక్కన పెట్టాడు. ఆయన వేసిన వరసలో మీరూ వేస్తే సాఫ్ట్‌వేర్ మీకు సాయం చేస్తుంది, కంటికి కనిపించిన అంచుల వరసలో వేస్తే అడుగడుగునా అడ్డం పడుతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇదే, మిగతాదంతా దాన్ని ఎలా చేయాలన్నది.

మొదట స్కేలు సంగతి. ఇల్లస్ట్రేటర్ తెరవగానే ఏదో ఒక సైజు ఆర్ట్‌బోర్డ్ మీద గీయడం మొదలుపెట్టేసి, చివర్లో సరిపడా పెంచుకోవచ్చులే, వెక్టరే కదా అనుకుంటారు. ఆకారాన్ని పెంచడానికి ఇబ్బంది లేదు, మనసులో కొలత లేకపోవడమే ఇబ్బంది. చార్మినార్ ఒక్కో పక్క సుమారు 20 మీటర్లు, ఒక్కో పెద్ద కమాను వెడల్పు సుమారు 11 మీటర్లు. 1:100 స్కేలులో, అంటే అసలు కొలతలో నూరో వంతుగా పెడితే, వెడల్పు 20 సెంటీమీటర్లు అవుతుంది, ఏ3 కాగితంలో హాయిగా పడుతుంది. కానీ మినార్ల ఎత్తు 50 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి అదే స్కేలులో ఎత్తు అర మీటరు దాకా పోతుంది, కాగితం చాలదు. 1:200 పెడితే కమాను ఐదున్నర సెంటీమీటర్లు, బొమ్మ మొత్తం ఏ3లో నిలువుగా సర్దుకుంటుంది. ఈ చిన్న లెక్క ముందే వేసుకుంటే ఏ వివరం గీయాలో, ఏది వదిలేయాలో కూడా తేలిపోతుంది, ఎందుకంటే 1:200లో పది సెంటీమీటర్ల గచ్చు పువ్వు కాగితం మీద అర మిల్లీమీటరు, దానికి రేకులు గీసినా ప్రింటులో నల్లటి మచ్చే వస్తుంది. యూనిట్లు మిల్లీమీటర్లకు మార్చుకోండి, పిక్సెళ్లలో కట్టడాలు గీయొద్దు. ఇంక్‌స్కేప్ వాడేవాళ్లకు ఇంకో మాట: 2017లో వచ్చిన 0.92 వెర్షన్ నుంచి దాని లోపలి లెక్క అంగుళానికి 90 నుంచి 96 పిక్సెళ్లకు మారింది, అందుకే అంతకుముందు చేసిన పాత ఫైలు తెరిచేటప్పుడు అది అడిగే ప్రశ్నకు చూసి జవాబివ్వాలి, లేకపోతే కొలతలన్నీ కొద్దికొద్దిగా తప్పుతాయి.

ఇక గీతల మందం. బొమ్మకు ప్రాణం పోసేది ఇదే, నా దృష్టిలో రంగుల కన్నా, నీడల కన్నా ముందు నేర్చుకోవాల్సింది కూడా ఇదే. కాగితం మీద లోతు అనేది ఉండదు, దాన్ని గీత మందంతోనే చెప్పాలి. సెక్షన్‌లో, అంటే కట్టడాన్ని నిలువునా కోసి లోపల చూపించే బొమ్మలో, కత్తితో కోసినట్టు తెగిన గోడ అన్నిటికన్నా మందం, దాని వెనక కనిపించే కట్టడం అంచులు మధ్యరకం, ఇంకా వెనక్కి పోయేవి సన్నం, గోడ మీద రాళ్ల అతుకులు, టైల్స్ గీతలు, జాలీ (చిల్లులతో చేసిన అలంకారపు తెర) లోపలి నగిషీ మరీ సన్నం. ఎలివేషన్‌లో, అంటే కట్టడాన్ని ఎదురుగా చూసినట్టు గీసే బొమ్మలో, తెగిన గోడ ఉండదు కాబట్టి నేల గీత మందంగా ఉంటుంది, ఆ తర్వాత ఆకాశానికి ఎదురుగా నిలిచే బయటి అంచు.

ఈ మందాలకు ఒక అంతర్జాతీయ వరస ఉంది: 0.13, 0.18, 0.25, 0.35, 0.5, 0.7, 1.0 మిల్లీమీటర్లు. అంకెలు విచిత్రంగా కనిపిస్తాయి కానీ వాటి వెనక చక్కటి లెక్క ఉంది, ఒక్కో మందం దాని ముందుదానికి సుమారు 1.41 రెట్లు, అంటే రెండుకి వర్గమూలం. ఏ3 కాగితం పక్కలకూ ఏ4 కాగితం పక్కలకూ మధ్య నిష్పత్తి కూడా అదే. కాబట్టి ఏ3 డ్రాయింగును ఏ4కి తగ్గిస్తే 0.35 గీత 0.25 అవుతుంది, 0.25 గీత 0.18 అవుతుంది, వరసలోంచి బయటికి పోదు. ఇంకు పెన్నుల కాలంలో పెట్టుకున్న ఈ పద్ధతి ఈరోజుకీ అక్షరాలా పనిచేస్తుంది. ఇల్లస్ట్రేటర్‌లో మందం పాయింట్లలో చూపిస్తుంటే ఒక పాయింటు 0.353 మిల్లీమీటర్లని గుర్తుపెట్టుకుంటే చాలు, అంటే ఒక పాయింటు గీత దాదాపు మన 0.35, రెండు పాయింట్ల గీత 0.7, అర పాయింటు 0.18. ఈ మూడు చాలు, నిజంగా. ఏడు మందాలు కలిపి వాడిన బొమ్మ కన్నా మూడింటిని క్రమశిక్షణతో వాడిన బొమ్మే బాగా చదవబుద్ధి అవుతుంది.

ఇక్కడ అందర్నీ టెన్షన్ పెట్టే సెట్టింగ్ ఒకటుంది. బొమ్మను పెంచినా తగ్గించినా గీతల మందం కూడా దాంతోపాటు మారాలా వద్దా అన్నది సాఫ్ట్‌వేర్‌లో ఒక టిక్ మార్కు మీద ఆధారపడి ఉంటుంది. డ్రాయింగును ఒక స్కేలు నుంచి ఇంకో స్కేలుకి మారుస్తున్నప్పుడు ఆ టిక్ తీసేయాలి, ఎందుకంటే 1:200 అయినా 1:50 అయినా తెగిన గోడ గీత 0.7 గానే ఉండాలి. పూర్తయిన పోస్టరును పెద్దదో చిన్నదో చేస్తున్నప్పుడు మాత్రం టిక్ పెట్టాలి. దీన్ని పట్టించుకోకపోతే సగం కిటికీలు మందంగా, సగం సన్నగా తయారై, ఎక్కడ తప్పిందో అర్థంకాక మళ్లీ మొదట్నుంచి గీసుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడు కమాన్ల దగ్గరికి వద్దాం, హైదరాబాద్‌లో కట్టడాలు గీసేవాళ్లకు వీటి నుంచి తప్పించుకునే దారి లేదు.

పెన్ టూల్ గీసే వంపుల్ని బెజియే వంపులంటారు. 1959 ప్రాంతంలో సిట్రోయెన్ కార్ల కంపెనీలో పాల్ డి కాస్తెల్జో, ఆ తర్వాత రెనోలో పియరె బెజియే, ఇద్దరూ కారు బాడీ వంపుల్ని లెక్కల్లో పట్టుకోవడానికి చేసిన పని ఇది. 1984లో వచ్చిన పోస్ట్‌స్క్రిప్ట్ భాష ఆ వంపుల్నే తీసుకుంది, 1987లో వచ్చిన ఇల్లస్ట్రేటర్ వాటిని మన చేతికిచ్చింది. ఒక వంపుకి నాలుగు బిందువులుంటాయి: మొదలు, చివర, మధ్యలో వంపుని లాగే రెండు హ్యాండిళ్లు. ఇది కారుకి బ్రహ్మాండంగా సరిపోతుంది. కానీ కమాను తాడు తిప్పి తీసినది, అంటే వృత్తం ముక్క. చేత్తో హ్యాండిళ్లు లాగుతూ వృత్తం ముక్కని పట్టుకోవాలని చూస్తే ఎంత నేర్పరికైనా అది సరిగ్గా రాదు, ఒకసారి వచ్చినా పక్క కమాను దగ్గర మళ్లీ తప్పుతుంది.

అందుకని వృత్తాలే గీయండి. సాఫ్ట్‌వేర్ వృత్తాన్ని నాలుగు బెజియే ముక్కలతో చేస్తుంది, ఒక్కో హ్యాండిల్ పొడవు వ్యాసార్ధానికి 0.5523 రెట్లు ఉంటుంది. గణితం ప్రకారం అది పక్కా వృత్తం కాదు, కానీ తేడా 0.03 శాతం లోపే. ఐదున్నర మీటర్ల వ్యాసార్ధం మీద కూడా ఆ తేడా మిల్లీమీటరున్నర, ఏ తాపీ మేస్త్రీ పని కన్నా ఇది ఖచ్చితమే.

కోసుగా ఉండే మామూలు కమానుకి రెండు వృత్తాలు చాలు. కమాను మొదలయ్యే మట్టంలో అడ్డగీత వేయండి, దాని మీద రెండు కేంద్రాలు పెట్టండి, ఒక్కో కేంద్రం నుంచి అవతలి వైపు స్తంభం అంచు దాకా వ్యాసార్ధం తీసుకుని వృత్తాలు వేస్తే రెండూ పైన కలిసే చోటే కోసు. కేంద్రాలు దూరంగా జరిగితే కమాను నిటారుగా సాగుతుంది, దగ్గరికి వస్తే అర్ధవృత్తం వైపు వస్తుంది. పర్షియన్ పద్ధతి నుంచి వచ్చిన వెడల్పాటి కమాన్లకు నాలుగు కేంద్రాలుంటాయి: అటూ ఇటూ కింది భాగానికి రెండు చిన్న వృత్తాలు, పై భాగానికి రెండు పెద్ద వృత్తాలు, ఆ పెద్దవాటి కేంద్రాలు అడ్డగీత కన్నా కిందికి పోతాయి. చిన్న వంపు నుంచి పెద్ద వంపుకి మారే చోట మెలిక కనిపించకూడదంటే ఒక్క నియమం పాటించాలి. రెండు కేంద్రాలూ, మారే బిందువూ ఒకే సరళరేఖ మీద ఉండాలి. ఈ నియమం తెలియనివాళ్లు గీసిన కమాన్లు భుజం దగ్గర విరిగినట్టు ఉంటాయి, కారణం ఎక్కడుందో వాళ్లకు అంతుపట్టదు.

కేంద్రాలు ఎక్కడున్నాయో ఎలా తెలుస్తుంది అంటారా? ఫొటో ఇక్కడ పనికొస్తుంది. ఎదురుగా, వీలైనంత దూరం నుంచి జూమ్‌తో తీసిన ఫొటో తీసుకోండి, దగ్గర నుంచి తలెత్తి తీసినదైతే నిలువు గీతలన్నీ పైకి దగ్గరపడి కొలతలు చెడిపోతాయి. దాన్ని ఒక లేయర్‌లో (పొరలో) పెట్టి మసకగా చేసి లాక్ చేయండి. వంపు మీద మూడు బిందువులు గుర్తుపెట్టి, వాటి గుండా పోయే వృత్తాన్ని జరుపుతూ కూర్చోబెట్టండి. ఫొటో పని అంతవరకే. ఇమేజ్ ట్రేస్ బటన్ నొక్కి ఫొటోనే వెక్టర్ చేసేస్తే మాత్రం సూటిగా ఉండాల్సిన గోడ అంచు మీద కూడా గుట్టలుగుట్టలుగా నోడ్లు (గీత దారిని నిలిపే బిందువులు) పడతాయి, ఆ తర్వాత ఒక కిటికీ కూడా జరపలేరు.

కమాను ఒకటి సరిగ్గా వచ్చిందంటే మిగతా పని చాలావరకు కాపీయే. ఎర్నెస్ట్ జాస్పర్ డిజైన్ చేసిన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ 1939లో తెరుచుకుంది, దాని ముందు భాగం గీయాలంటే మధ్యగీత పెట్టుకుని ఒక సగం గీసి తిప్పి అతికిస్తే సరి. కోఠి రెసిడెన్సీ ముందు నిలబడ్డ ఆరు కొరింథియన్ స్తంభాల్లో ఒకటి ఓపిగ్గా గీస్తే ఐదు ఊరికే వస్తాయి. కాకపోతే మామూలు కాపీ పేస్ట్ చేయకండి. ఇల్లస్ట్రేటర్‌లో సింబల్‌గా, ఇంక్‌స్కేప్‌లో క్లోన్‌గా పెట్టండి. అసలుదాంట్లో ఒక గీత మారిస్తే అన్నిట్లోనూ మారుతుంది, ఫైలు కూడా బరువెక్కదు.

పైగా వంశపు నవాబుల సమాధుల దగ్గరికి ఒకసారైనా వెళ్లండి, సంతోష్‌నగర్ దగ్గర పిసల్‌బండలో ఉంటాయి. అక్కడి జాలీలు చూస్తే నక్షత్రాలు, షడ్భుజాలు, తీగలు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తున్నట్టు ఉంటాయి, మొత్తం గీయాలంటే గుండె జారుతుంది. కానీ ఎంత చిక్కుగా ఉన్న పునరావృత నమూనా అయినా, ఒక చిన్న ముక్కని తిప్పి, జరిపి, అద్దంలో చూపించి పేర్చినదే. చదునైన తలం మీద ఇలా పేర్చడానికి సరిగ్గా 17 పద్ధతులే ఉన్నాయని 1891లోనే ఫెదొరోవ్ అనే రష్యన్ గణితవేత్త నిరూపించాడు. ఇంక్‌స్కేప్‌లో టైల్డ్ క్లోన్స్ అనే డబ్బా తెరిస్తే ఆ 17 పద్ధతులూ వరసగా కనిపిస్తాయి. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో ఇది ఉందని మన ఆర్కిటెక్చర్ విద్యార్థుల్లో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగానే ఉంటుంది. జాలీ ముందు నిలబడి అసలు ముక్క ఏదో కళ్లతో వెతకండి. అది దొరికిందంటే పని ఒక సాయంత్రంలో తేలిపోతుంది, దొరక్కపోతే వారం కూర్చున్నా అతుకులు కలవవు.

కట్టడాల ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్ నుంచి డ్రాయింగు తెచ్చుకునేవాళ్లకు వేరే తలనొప్పి. పీడీఎఫ్‌గా ప్లాట్ చేసి తెస్తే స్కేలు, మందాలు నిలబడతాయి కాబట్టి నేను అదే మేలంటాను. ప్లాట్ చేయకముందే కొలతల లేయరు, ఫర్నిచర్ లేయరు, హ్యాచ్ (గోడల్ని నింపే గీతల) లేయరు ఆపేయండి. తెచ్చాక గోడలు విడివిడి గీతలుగా పడి ఉంటాయి, ఒకదాని మీద ఒకటి రెండేసి గీతలు కూడా ఉంటాయి. వాటిని శుభ్రం చేస్తూ కూర్చోవడం కన్నా ఆ పీడీఎఫ్‌ను కింద లాక్ చేసి, పైన కొత్త లేయర్‌లో తెగిన గోడల్ని మూసిన ఆకారాలుగా మళ్లీ గీసి నలుపు నింపడం త్వరగా అవుతుంది. మూసిన ఆకారం కాకపోతే రంగు సరిగ్గా నిండదు.

ప్లాను నుంచి ఏకంగా ఐసోమెట్రిక్ బొమ్మ, అంటే మూలగా పైనుంచి చూసినట్టు మూడు వైపులూ కనిపించే బొమ్మ, తీయడం వెక్టర్‌లో నాకు బాగా నచ్చే పని. ప్లానుని నిలువుగా 86.6 శాతానికి కుదించి, 30 డిగ్రీలు పక్కకి వాల్చి, 30 డిగ్రీలు తిప్పితే అది నేల మీద పరుచుకుంటుంది. ఎలివేషన్లకూ ఇవే మూడు అంకెలు, వాల్చే దిక్కు, తిప్పే దిక్కు మాత్రమే మారతాయి. ఏ దిక్కో సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఉంటుంది కాబట్టి ముందు ఒక చతురస్రం మీద ప్రయత్నించి చూసుకోండి. 86.6 అనేది 30 డిగ్రీల కొసైను, అందుకే మూడు వైపులా కొలతలు సమానంగా వస్తాయి. 1998లో తెరుచుకున్న సైబర్ టవర్స్ లాంటి గుండ్రటి ప్లాన్ కూడా ఈ మూడు మెట్లు దాటేసరికి సరైన దీర్ఘవృత్తంగా మారిపోతుంది, చేత్తో గీస్తే అది ఎప్పుడూ కోడిగుడ్డులా తయారవుతుంది. ఇల్లస్ట్రేటర్‌లో పర్‌స్పెక్టివ్ గ్రిడ్ కూడా ఉంది గానీ, అందులో కొలత తీయలేం. కట్టడాన్ని వివరించడానికి ఐసోమెట్రిక్ మేలు.

నీడలకు డ్రాయింగుల్లో పాత ఒప్పందం ఒకటుంది: వెలుగు ఎడమ పైనుంచి 45 డిగ్రీల్లో వస్తుందనుకుంటారు. దీనివల్ల ఏది ఎంత ముందుకొచ్చిందో దాని నీడ అంతే పొడవు పడుతుంది, 60 సెంటీమీటర్ల సజ్జా కింద గోడ మీద 60 సెంటీమీటర్ల నీడ. చూసేవాళ్లు నీడను బట్టి లోతు చదివేసుకుంటారు. నిజమైన ఎండ వేరు. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, మార్చి 21 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు 72.6 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, అప్పుడు దక్షిణం గోడ మీద అదే సజ్జా దాదాపు 190 సెంటీమీటర్ల నీడ వేస్తుంది, కిటికీ మొత్తం నీడలోకి వచ్చేస్తుంది. మన పాత ఇళ్ల సజ్జాల గొప్పతనం చూపించాలంటే ఈ రెండో నీడ గీయాలి, ఎలివేషన్ లోతు చూపించాలంటే మొదటిది. రెండూ ఒకే బొమ్మలో కలపొద్దు. నీడను బూడిదరంగుతో నింపకుండా, పారదర్శకత పెంచి మల్టిప్లై మోడ్‌లో పెడితే కింద గోడ రంగు కనిపిస్తూ ఉంటుంది.

చెట్లు, మనుషుల గురించి గట్టిగానే చెబుతాను. నెట్‌లో ఉచితంగా దొరికే బొమ్మల్లోంచి ఓవర్‌కోట్లు వేసుకున్న మనుషుల్ని, మేపుల్ చెట్లని తెచ్చి చార్మినార్ ముందు పెట్టకండి. చీర కట్టుకుని సంచీ పట్టుకున్న ఆమె, బుర్ఖాలో పాప చేయి పట్టుకుని నడిచే తల్లి, తోపుడుబండి, ఆటో, వేపచెట్టు, గుల్‌మొహర్, వెనక గుండ్రాళ్ల గుట్ట, ఇవే ఆ వీధి కొలతని చెబుతాయి. ఒక రోజు వీధిలో కూర్చుని ఇలాంటి పదిహేను నీడబొమ్మలు గీసుకుని దాచుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తాయి.

పేర్లు తెలుగులో రాసేటప్పుడు ఇల్లస్ట్రేటర్‌లో ఒత్తులు విడిపోయి పక్కన నిలబడటం చాలామంది చూసే ఉంటారు. ఫాంటు తప్పు కాదది. ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగంలో ఇండిక్ ఆప్షన్లు ఆన్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో దక్షిణాసియా కంపోజర్ ఎంచుకుంటే అక్షరాలు కుదురుకుంటాయి. ఇంక్‌స్కేప్‌లో ఈ గొడవ లేదు. ప్రింటుకి ఇచ్చే కాపీలో మాత్రం అక్షరాల్ని ఆకారాలుగా మార్చేయండి, అసలు ఫైలులో అక్షరాలుగానే ఉంచండి.

ప్రింటు దగ్గర చివరి జాగ్రత్తలు. సన్న నల్ల గీతలకు సయాన్, మెజెంటా, పసుపు కలిపిన నలుపు వాడితే ఆఫ్‌సెట్‌లో నాలుగు రంగులూ ఒక వెంట్రుకవాసి జరిగినా గీత పక్కన రంగుల అంచు కనిపిస్తుంది, కాబట్టి గీతలకు ఒక్క నలుపు ఇంకే నూరు శాతం పెట్టండి. కోరల్‌డ్రాలో హెయిర్‌లైన్ అని ఉండే మందాన్ని మార్చి మిల్లీమీటర్లలో అంకె ఇవ్వండి, స్క్రీన్ మీద చక్కగా కనిపించే హెయిర్‌లైన్ మంచి ప్రింటరు మీద దాదాపు మాయమైపోతుంది. ఛత్తాబజార్‌లో పెళ్లికార్డులు వేసే షాపుల్లో అడిగినా, ఫ్లెక్స్ వేసే కుర్రాణ్ణి అడిగినా ఈ రెండు మాటలే ముందు చెబుతారు.

ఏది గీయాలో తోచనివాళ్లు షాలిబండలోనో ఘాన్సీబజార్‌లోనో మిగిలి ఉన్న పాత ఇంటి ముఖద్వారం ఒకటి ఎంచుకోండి. చార్మినార్‌కి బొమ్మలు లక్షల్లో ఉన్నాయి, ఈ ఇళ్లలో చాలావాటికి ఒక్కటి కూడా లేదు, దేవిడీలు (నవాబుల కాలపు పెద్ద ఇళ్లు) ఒక్కొక్కటే పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. ఇంటివాళ్లని అడిగి టేపుతో తలుపు వెడల్పు, అరుగు ఎత్తు, స్తంభాల మధ్య దూరం, సజ్జా ముందుకొచ్చిన కొలత తీసుకోండి, అందనంత ఎత్తులో ఉన్నవాటిని ఫొటోలో తలుపుతో పోల్చి లెక్కగట్టండి. ఆ కొలతలన్నీ ఫైలులోనే ఒక వేరే లేయర్‌గా, కొలిచిన తేదీతో సహా రాసిపెట్టండి. ప్రింటు తీసేటప్పుడు ఆ లేయర్ ఆపేసుకోవచ్చు. దాచుకునే కాపీని ఎస్‌వీజీగా కూడా సేవ్ చేయండి. అది ఎవరి సొత్తూ కాని ఫార్మాట్, లోపల ఉండేది మామూలు టెక్స్టే కాబట్టి మీరు వాడే సాఫ్ట్‌వేర్ ఆగిపోయినా ఇంకోదాంట్లో తెరుచుకుంటుంది, ఆ ఇంటిని మళ్లీ కట్టాలని ఎవరికైనా అనిపిస్తే కొలతలు అందులోనే ఉంటాయి.